సొంత ఐవీఎఫ్, అండదాత, సరోగసీ, దత్తత: విశాఖ దంపతులు దేన్ని ఎంచుకోవాలి?

"నేను మోస్తాలే అక్కా" అని మా తోడికోడలు అన్నప్పుడు వంటింట్లో నలుగురం ఉన్నాం. 2023 వేసవి. పెందుర్తిలో మా అత్తగారిల్లు. నేల మీద పరిచిన పేపరు మీద చింతచిగురు కుప్ప, చుట్టూ నేను, తను, మా ఆడపడుచు. అత్తయ్య పొయ్యి దగ్గర నుంచున్నారు. ఆ మాట వినగానే గరిటె పక్కన పెట్టి వచ్చి తన తల నిమిరారు. నాకు ఏడుపు ఆగలేదు. పదేళ్లుగా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నదాన్ని, ఇన్నాళ్లకు దారి దొరికిందనుకున్నాను.

మా బిడ్డను తను కడుపులో మోయడం, అంటే సరోగసీ. ఆ దారిలో మేం వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో అర్థం కావాలంటే మిగతా దారులు కూడా పక్కనే పెట్టి చూడాలి. రామ్‌నగర్, మహారాణిపేట ఆసుపత్రుల్లో ఒళ్లో ఫైలు పెట్టుకుని టోకెన్ నంబరు కోసం ఎదురుచూసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎంత ఖర్చవుతుంది, సక్సెస్ రేటు ఎంత అన్నది చెప్పడానికి అక్కడ చాలామంది ఉంటారు. నేను ఇంకో ప్రశ్నతో మొదలుపెడతాను. ఈ పద్ధతిలో భారం ఎవరి ఒంటి మీద పడుతోంది? ఆ మనిషికి "నాకు వద్దు" అనే వీలుందా? ఈ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది. మీకు ముందే తట్టాలని నా కోరిక.

ముందు మగవారి పరీక్ష

పెళ్లయిన మొదటి రెండేళ్లు పరీక్షలన్నీ నాకే చేశారు. ట్యూబులు తెరిచి ఉన్నాయా లేదా అని రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసిన రోజు, నొప్పికి బల్ల అంచు గట్టిగా పట్టుకుని పడుకున్నాను. మా ఆయనకు వీర్య పరీక్ష రాసింది ఆ తర్వాత ఏడాదికి. కణాల సంఖ్య తక్కువగా ఉందని తేలింది. కొన్ని నెలలు మందులు వాడాక నేను నీళ్లోసుకున్నాను కూడా. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి నమూనా ఇస్తే తేలిపోయే పరీక్ష అది. నొప్పి లేదు, కోత లేదు. ఆ రిపోర్టు చేతికి రాకముందే ఆడమనిషిని బల్ల ఎక్కించే డాక్టరు దగ్గర ఉండకండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

సొంత అండం, సొంత గర్భసంచి

2015లో మూడో నెలలో గర్భం పోయింది. శుభ్రం చేయడానికి చేసిన డీ అండ్ సీ వల్ల గర్భసంచి లోపలి గోడలు అతుక్కున్నాయని నాలుగేళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి మొదటి ఐవీఎఫ్ (అండాన్ని ఒంటి బయట వీర్యంతో కలిపి, వచ్చిన పిండాన్ని గర్భసంచిలో పెట్టే చికిత్స) మొదలుపెట్టేశాం.

ఐవీఎఫ్ అంటే ఏమిటో మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఫ్రిజ్ తలుపు అరలో కొత్తిమీర కట్ట పక్కన ఇంజెక్షన్ పెన్నులు ఉండేవి. రోజూ రాత్రి ఎనిమిదికి పొట్ట మీద ఒక చోట చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పొడుచుకోవడం, పదకొండు రోజులు. నాలుగో రోజుకల్లా పొట్ట మీద పచ్చటి, నీలం మచ్చలు. రెండు రోజులకోసారి స్కాన్. చివర్లో మత్తిచ్చి సూదితో అండాలు తీస్తారు. కొందరికి అండాశయాలు విపరీతంగా ఉబ్బి పొట్టలో నీరు చేరుతుంది. అది ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఆయాసం, బరువు హఠాత్తుగా పెరగడం, మూత్రం తగ్గడం లాంటివి కనబడితే తెల్లారేదాకా ఆగకండి.

మాకు ఒక్కో సైకిల్‌కి, అంటే ఒక్కో ప్రయత్నానికి, దాదాపు రెండు లక్షలు అయింది. మొదటిసారి పిండం నిలవలేదు. రెండోసారి, 2022లో, మూడు మంచి పిండాలు వచ్చాయి, వాటిని ఫ్రీజ్ చేశారు. కానీ గర్భసంచి పొర అయిదున్నర మిల్లీమీటర్లు దాటలేదు. మామూలుగా ఏడైనా ఉండాలంటారు. నాలుగు నెలలు నాలుగు రకాల మందులు వాడినా అంతే.

అయినా నన్నడిగితే ముందు ఈ దారే చూడమంటాను, మీ గర్భసంచి సహకరిస్తే. ఇక్కడ భారం మోసేదీ, ఫలితం కోరుకునేదీ ఒకే మనిషి. కాకపోతే ఆ కోరిక నిజంగా తనదేనా, అత్తింటి పోరుకి పుట్టిందా అన్నది ఆమెకే తెలియాలి. మొదలుపెట్టక ముందే ఎన్నిసార్లు ప్రయత్నిస్తారో ఇద్దరూ అనుకుని ఒక అంకె రాసిపెట్టుకోండి. ఓడిపోయిన రోజు "ఇంకొక్కసారి" అనే మాట ఎంత తేలిగ్గా వస్తుందో నాకు తెలుసు. క్లినిక్ వాళ్లు చెప్పే శాతాల గురించి కూడా ఒకటి అడగండి: అది బీటా పాజిటివ్ (రక్త పరీక్షలో గర్భం అని) వచ్చినవాళ్ల లెక్కా, బిడ్డను ఎత్తుకుని ఇంటికెళ్లినవాళ్ల లెక్కా? రెండింటి మధ్య చాలా తేడా ఉంటుంది.

వయసు గురించి చట్టం స్పష్టంగా ఉంది. సహాయక పునరుత్పత్తి చట్టం 2021లో వచ్చి 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆడవారికి 21 నుంచి 50, మగవారికి 21 నుంచి 55 మధ్యే ఈ చికిత్స చేయాలి. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ కవలలకు జన్మనిచ్చినప్పుడు మన టీవీలన్నీ పండగ చేశాయి. ఆవిడ బాధ నాకు అర్థమవుతుంది, గొడ్రాలు అనే మాట జీవితమంతా మోసిన మనిషి. కానీ ఆ పిల్లలు బడికెళ్లే వయసుకి వాళ్ల అమ్మానాన్నలకు ఎన్నేళ్లు ఉంటాయో ఆ రోజు ఎవరూ పెద్దగా అడగలేదు. పరిమితి పెట్టడం న్యాయమేనని నేననుకుంటాను. పెళ్లికాని ఆడవారికి కూడా ఈ చట్టం కింద ఐవీఎఫ్ చేయించుకునే హక్కుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు. ఆడపిల్లా మగపిల్లాడా అని ఎంచుకునే వీలు మాత్రం ఎవరికీ లేదు. ఎవరైనా చెవిలో ఊదితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

ఫ్రీజ్ చేసిన పిండాల గురించి ముందే మాట్లాడుకోండి. పదేళ్ల వరకే దాచే వీలుంది. ఆ తర్వాత నశించిపోనివ్వాలి, లేదా దంపతుల అంగీకారంతో పరిశోధనకు ఇవ్వాలి. ఏటా వచ్చే రెన్యువల్ కాగితం ఇప్పటికీ మా బీరువా సొరుగులో ఉంటుంది. కవరు విప్పిన ప్రతిసారీ ఆ రోజంతా మా ఇద్దరికీ మాట పెగలదు. ఎన్ని పిండాలు చేయాలో అడిగే హక్కు మాకుందని అప్పుడు తెలిసుంటే, వాడుకోగలిగినన్నే చేయమని చెప్పేవాళ్లం.

అండదాత, వీర్యదాత

నలభై దాటినవాళ్లకు, అండాల నిల్వ అయిపోయినవాళ్లకు డాక్టర్లు చెప్పే మొదటి మాట డోనర్ అండం. సొంత అండంతో నలభై దాటాక గెలుపు బాగా పడిపోతుంది. దాత అండంతో అయితే దాత వయసే లెక్కలోకి వస్తుంది కాబట్టి అవకాశం పెరుగుతుంది. వైద్యపరంగా అది నిజం.

మీకు ఏ పొడుపులైతే కష్టమనిపించాయో అవే పొడుపులు ఇప్పుడు ఇంకో ఆడమనిషి పొట్ట మీద పడతాయి. ఆమెకు బిడ్డ రాదు. చట్టం ఆమెను కాపాడటానికి కొన్ని గీతలు గీసింది. వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఏడు అండాలకు మించి తీయకూడదు. ఒక దాత అండాలు ఒక్క జంటకే ఇవ్వాలి. ఆమె పేరున బీమా చేయించాలి. ఆమె ఎవరో మీకు చెప్పరు, మీరెవరో ఆమెకు చెప్పరు. అండాలు అమ్మడం కొనడం నేరం.

నేను స్కాన్ కోసం కూర్చున్న ఒక చోట, పేరు చెప్పను, ఎదురుగా ఇరవై నాలుగైదేళ్ల అమ్మాయి ఉంది. కాటన్ చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నీళ్ల సీసా. పక్కన ఒక పెద్దావిడ. నర్సు "ఏం తిన్నావమ్మా పొద్దున్న" అంటే పెద్దావిడే చెప్పింది. "చివరిసారి ఎప్పుడు వచ్చింది" అంటే కూడా ఆవిడే చెప్పింది. తర్వాత ఇంగ్లిషులో ఉన్న కాగితాల కట్ట తెచ్చి పెన్సిల్‌తో టిక్ పెట్టిన చోటల్లా సంతకం చేయమన్నారు. ఆ అమ్మాయి ప్రతి పేజీలో తన పేరు తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో నిదానంగా రాసింది. ఏ పేజీలో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదు. ఆమె దాత అని నాకు పేషెంట్ల మాటల్లో తర్వాత తెలిసింది. నేను ఆ రోజు ఏమీ అనలేదు. అనాల్సింది.

కాబట్టి ఈ దారి ఎంచుకుంటే మీరు అడగాల్సింది ఆమె రంగు, ఎత్తు, కులం గురించి కాదు. దాత రిజిస్టరైన బ్యాంకు (అండాలు, వీర్యం సేకరించి ఇచ్చే సంస్థ) ద్వారానే వచ్చిందా, కాగితాలు ఆమెకు వచ్చిన భాషలో ఇచ్చారా, ఎన్ని అండాలు తీశారో రాసిస్తారా, బీమా కాగితం చూపిస్తారా అని అడగండి. కులం అడిగే జంటలు ఎంతమందో కౌన్సెలర్లను కదిపితే చెబుతారు. బీమా కాగితం అడిగిన జంటను నేనైతే చూడలేదు. వీర్యదాత విషయంలో ఒంటి మీద భారం దాదాపు ఉండదు, అందుకే దాని మీద ఎక్కువ రాయను.

బిడ్డకు చెప్పాలా వద్దా? చెప్పాలి. చట్టప్రకారం ఆ బిడ్డ అన్ని విధాలా మీ బిడ్డే, ఆస్తిలో హక్కుతో సహా. కాబట్టి చెప్పడం వల్ల పోయేదేమీ లేదు. రేపు ఏదో జబ్బుకి కుటుంబ చరిత్ర అడిగినప్పుడు, లేదా డీఎన్ఏ పరీక్షలో, పెళ్లి వయసులో తెలిస్తే మాత్రం వాళ్లకు కాళ్ల కింద నేల కదులుతుంది. నాలుగేళ్ల పిల్లకు కథలా చెబితే కథలానే తీసుకుంటుంది.

సరోగసీ

మన పేపర్లు ఇంకా "అద్దె గర్భం" అనే రాస్తాయి. సరోగసీకి వేరే చట్టం ఉంది. దాని ప్రకారం అద్దె ఇవ్వడం 2022 జనవరి నుంచి నేరం. వ్యాపారంగా చేస్తే పదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. మోసే ఆమెకు వైద్య ఖర్చులు, 36 నెలల ఆరోగ్య బీమా తప్ప ఏమీ ఇవ్వకూడదు.

ఎవరికి అనుమతి? గర్భసంచి లేనివాళ్లు, ఉన్నా పనికిరానివాళ్లు, ఐవీఎఫ్ పదేపదే విఫలమైనవాళ్లు, గర్భాలు మళ్లీ మళ్లీ పోయినవాళ్లు, గర్భం దాలిస్తే ప్రాణానికే ముప్పు ఉన్నవాళ్లు. భార్యకు 23 నుంచి 50, భర్తకు 26 నుంచి 55 ఉండాలి. బతికున్న బిడ్డ ఉండకూడదు, తీవ్రమైన వైకల్యమో ప్రాణాంతకమైన జబ్బో ఉన్న బిడ్డ అయితే మినహాయింపు. ఒంటరి ఆడవారిలో భర్త పోయినవారికి, విడాకులైనవారికి 35 నుంచి 45 మధ్య అనుమతి ఉంది. పెళ్లికానివాళ్లకు లేదు, ఐవీఎఫ్ చట్టంలో మాత్రం ఉంది. ఒకే పనికి రెండు చట్టాలు రెండు గీతలు ఎందుకు గీశాయో నాకు ఇప్పటికీ సమాధానం దొరకలేదు. దాత అండమో వీర్యమో వాడే విషయంలో 2023 మార్చిలో నిబంధన బిగించి, కోర్టుల్లో గొడవయ్యాక 2024 ఫిబ్రవరిలో సడలించారు. ఇప్పుడు జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరిస్తే దంపతుల్లో ఒకరిది దాత నుంచి తీసుకోవచ్చు, రెండోది మాత్రం సొంతదే కావాలి. చట్టం రాకముందే పిండాలు ఫ్రీజ్ చేసుకున్నవాళ్లకు వయసు పరిమితి వర్తించదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

మోసే ఆమెకు పెళ్లయి, సొంత బిడ్డ ఉండాలి. వయసు 25 నుంచి 35. జీవితంలో ఒక్కసారే, అది కూడా మూడు ప్రయత్నాలకు మించకూడదు. తన అండం ఇవ్వకూడదు. మామూలుగా ఒక్క పిండమే పెట్టాలి. మెడికల్ బోర్డు సర్టిఫికెట్, బిడ్డ ఎవరిదన్న దాని మీద మేజిస్ట్రేటు ఉత్తర్వు, అర్హత పత్రాలు, ఇవన్నీ పిండం పెట్టక ముందే చేతిలో ఉండాలి. పిండం పెట్టే క్షణం దాకా ఆమె మనసు మార్చుకోవచ్చు. ఆ హక్కు చట్టంలో రాసి ఉంది.

మా దగ్గర అన్నీ సరిపోయాయి. మా తోడికోడలికి 31, ఇద్దరు పిల్లలు. నాకు మంచి పిండాలున్నాయి, గర్భసంచి లేనట్టే. డాక్టరు కూడా "మీలాంటి వాళ్ల కోసమేనమ్మా ఈ చట్టం" అన్నారు. అత్తయ్య అయితే దేవకి కడుపులోని బలరాముణ్ణి రోహిణి మోయలేదా అని వచ్చినవాళ్లందరికీ చెప్పారు.

వారం తర్వాత సాయంత్రం డాబా మీద వడియాలు తీస్తున్నాం. గుడ్డ వెనక నీళ్లు చిలకరించి ఒక్కొక్కటి ఊడదీస్తోంది తను. తల ఎత్తకుండా అడిగింది.

"అక్కా, మళ్లీ కోసే తీస్తారా?"

తన రెండో కాన్పు ఆపరేషన్. రక్తం ఆగక రెండు సీసాలు ఎక్కించారు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఎలా మర్చిపోయానో.

"భయంగా ఉందా?"

"పిల్లలు చిన్నోళ్లు గదక్కా."

"మరి ఎందుకన్నావే ఆ మాట?"

చాలాసేపు వడియాలే తీసింది. "ముందు రోజు రాత్రి అత్తయ్య అడిగారక్కా. ఈయన షాపు అప్పు బావగారే తీర్చారు గదా. కాదని ఎలా అంటాను?"

ఒక రూపాయి చేతులు మారలేదు. ఏ బోర్డు ముందు కూర్చోబెట్టినా "నా ఇష్టంతోనే" అని చెప్పేది, సంతకం పెట్టేది. కాగితాల మీద అంత పవిత్రమైన సరోగసీ ఇంకోటి ఉండదు. కానీ మూడేళ్ల కిందటి నాలుగు లక్షల అప్పు తన గర్భసంచితో తీరుతోందని ఆ ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు.

డబ్బు ఉంటే దోపిడీ, డబ్బు లేకపోతే ప్రేమ అని చట్టం అనుకుంది. ఎందుకలా అనుకుందో తెలుసు. గుజరాత్‌లోని ఆనంద్ లాంటి ఊళ్లలో విదేశీయుల కోసం పేద ఆడవాళ్లు హాస్టళ్లలో తొమ్మిది నెలలు గడిపిన రోజులు మనం చూశాం. 2008లో జపాన్ దంపతులు విడిపోతే ఇక్కడ పుట్టిన పసిపాప ఎవరి బిడ్డో తేలక సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ బజారు మూయాల్సిందే. కానీ డాక్టరుకి ఫీజుంది, ల్యాబుకి బిల్లుంది, లాయరుకి డబ్బుంది, నవమాసాలు మోసిన ఆమెకు మాత్రం త్యాగం మిగిల్చారు. ఆ నెలల్లో ఆమె పోగొట్టుకున్న కూలికి కూడా లెక్క లేదు. 2017లో పార్లమెంటు స్థాయీ సంఘం పరిహారం ఇచ్చే పద్ధతే మేలని సూచించింది. ఆ సూచనే న్యాయమని నేను నమ్ముతున్నాను. పరిహారం తీసుకునే పరాయి మనిషి కనీసం బేరం కుదరలేదని వెళ్లిపోగలదు. ఇంటి కోడలు ఎక్కడికి వెళుతుంది?

నిజానికి బంధువే మోయాలని చట్టంలో లేదు. ఇష్టపడిన ఏ అర్హురాలైనా మోయొచ్చు. కానీ డబ్బు లేకుండా పరాయి ఆమె ఎందుకు ముందుకొస్తుంది? అందుకే భారం తిరిగి తిరిగి తోడికోడళ్ల మీద, వదినల మీద, పనిమనుషుల మీద పడుతోంది. లేదంటే చీకటి బజారు. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసు మన విశాఖవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. సరోగసీ చేయిస్తామని లక్షలు తీసుకుని, మీ బిడ్డ విశాఖలో పుట్టాడని చెప్పి ఒక పసివాణ్ణి చేతిలో పెట్టారని, డీఎన్ఏ చేయిస్తే ఆ దంపతులకు సంబంధమే లేదని తేలిందని, వాడు ఒక పేద జంట బిడ్డ అని పోలీసులు చెప్పారు. ఆ పసివాడి సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. మీకు ఎవరైనా "మోసే మనిషిని మేమే చూస్తాం, మీరు డబ్బు కట్టి ఇంటి దగ్గర ఉండండి" అంటే అది సరోగసీ కాదు. క్లినిక్ గోడ మీద సర్టిఫికెట్ చూడండి. ఐవీఎఫ్‌కి ఒక రిజిస్ట్రేషన్, సరోగసీకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటాయి. మొదటిది ఉందని రెండోది ఉన్నట్టు కాదు.

ఇంతా చెప్పి, సరోగసీ ఎప్పుడూ తప్పే అని నేను అనను. పుట్టుకతోనే గర్భసంచి లేని చెల్లెలికి, తన కాన్పులు సులువుగా అయిన అక్క, సొంత సంపాదన ఉన్న అక్క, "నేను మోస్తానే" అంటే అది గొప్ప మాట. కానీ ఆ మాట ఆమె నోట ముందు రావాలి, ఎవరూ అడక్కముందే. తర్వాత ఆమెను ఒంటరిగా, కుటుంబంతో సంబంధం లేని కౌన్సెలర్ దగ్గరికి పంపండి. "మెడికల్‌గా కుదరదన్నారు" అని డాక్టరు చేత చెప్పించే వీలు ఆమెకు ఇవ్వండి. ఎవరి ముందూ దోషి కాకుండా తప్పుకునే తలుపు అదొక్కటే.

మా డాక్టరు మాకు అదే సాయం చేశారు. పాత ఆపరేషన్ వల్ల రిస్కు అని అత్తయ్యకు చెప్పారు. ఆ రాత్రి తను కడుపునిండా అన్నం తింది.

దత్తత

దత్తతలో రెండు రకాలున్నాయి, రెంటినీ కలిపేయకండి. ఇంట్లోవాళ్ల బిడ్డను తెచ్చుకోవడం 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద జరుగుతుంది. బిడ్డకు పదిహేనేళ్లు నిండకూడదు, డబ్బు చేతులు మారకూడదు, తండ్రి ఒక్కడే ఇవ్వలేడు, తల్లి ఒప్పుకోవాలి. దస్తావేజు రిజిస్టరు చేయించుకుంటే మేలు. ఇక్కడ కూడా ఆ తల్లి ఒప్పుకోలు మీద నాకు డాబా మీది అనుమానమే. "నీకు ఇద్దరున్నారు కదా" అనే వాక్యం ఎంత బరువైనదో విన్నవాళ్లకే తెలుసు.

రెండోది ప్రభుత్వం ద్వారా. కేంద్ర దత్తత వనరుల సంస్థను అందరూ కారా అంటారు. దాని వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పెళ్లయి రెండేళ్లైనా అయి ఉండాలి. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 మించకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, ఎనిమిదేళ్ల దాకా 100. ఒంటరి ఆడవారు ఎవరినైనా తెచ్చుకోవచ్చు, ఒంటరి మగవారికి ఆడపిల్లను ఇవ్వరు. సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి చూస్తారు. వంతు వచ్చినప్పుడు బిడ్డ వివరాలు పంపితే 48 గంటల్లో సరే అనో కాదనో చెప్పాలి. 2022 సెప్టెంబరు నుంచి చివరి ఉత్తర్వు కోర్టు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. మనకైతే మహారాణిపేటలోని కలెక్టరేట్.

ఈ పద్ధతిలో నాకు నచ్చినది ఒకటుంది. బిడ్డను వదులుకున్న తల్లికి మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంది. ఆ రెండు నెలలు దాటాకే బిడ్డను దత్తతకు అర్హమని ప్రకటిస్తారు. కష్టం కూడా చెబుతాను: ఎదురుచూపు. పసిబిడ్డ కోసం ఏళ్లు పడుతుంది. మేం 2023 చివర్లో నమోదు చేసుకున్నాం, ఇంకా లైనులోనే ఉన్నాం. అయిదారేళ్లు దాటిన పిల్లలకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నిరీక్షణ బాగా తక్కువ. ఆ ధైర్యం మీకుంటే ఆలోచించండి. లేకపోతే లేదని ఒప్పుకోవడం కూడా నిజాయితీయే. ఈ లైను తట్టుకోలేక నర్సింగ్ హోమ్ ఆయా చెప్పిన "నేరుగా ఇప్పించే" బిడ్డ కోసం వెళ్లకండి. అది బిడ్డను కొనడం. నోటరీ కాగితం ఏ కోర్టులోనూ నిలవదు.

మరి ఎవరికి ఏది?

ముప్పై అయిదు లోపు ఉండి గర్భసంచి బాగుంటే సొంత ఐవీఎఫ్, ముందే రాసుకున్న అంకె వరకు. అండాలు అయిపోయి, మోసే శక్తి ఉంటే దాత అండం, కానీ ఆ దాత కాగితాలను మీ కాగితాలంత శ్రద్ధగా చదివితేనే. గర్భసంచి లేక, సొంత పిండాలుండి, ఎవరికీ ఏ రుణమూ లేని మనిషి తనంతట తాను వస్తే సరోగసీ. అలాంటి మనిషి లేకపోతే వెతక్కండి. వెతకడం మొదలుపెట్టగానే మన చూపు మనకన్నా బలహీనంగా ఉన్నవాళ్ల మీదే పడుతుంది, నాకు జరిగింది అదే. దత్తతను మాత్రం చివరికి మిగిలిన దారిలా చూడొద్దని నా మనవి. చికిత్స మొదలుపెట్టిన ఏడాదే దాని గురించి చదవండి, ఎందుకంటే వయసుల మొత్తం ఏటా రెండు పెరుగుతుంది. పిల్లలు లేకుండా ఉందామనుకున్న జంటలు కూడా నాకు తెలుసు, హాయిగా ఉన్నారు. వాళ్లను ఎవరూ ఓదార్చక్కర్లేదు.

మా ఇంటికి సోషల్ వర్కర్ వచ్చిన రోజు ఎంవీపీ కాలనీలో మా రెండు గదుల ఫ్లాట్ నిండా జనం. అత్తయ్య ఉప్మా చేశారు. ఆ అమ్మాయి అందరితో విడివిడిగా మాట్లాడాలంది. మా తోడికోడలిని బాల్కనీలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది. పది నిమిషాల తర్వాత తను బయటికొచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"నన్ను ఒక్కదాన్నే కూచోబెట్టి ఇష్టమేనా అని అడిగిందక్కా."

"ఏమన్నావ్?"

"ఇష్టమే అన్నాను. నన్ను పిన్నీ అని పిలవాలి మరి."